జేబు పిస్తోలు – దాని ఒర



పిస్తోలును గూర్చియు, దానిని జేబులో నుంచుకొను తోలు ఒరను గూర్చియు ఒక బడిపంతులు ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని ఆయుధముల చరిత్రమనగా రాజుల యుద్ధముల చరిత్రము మాత్రమే కాదు. మనుష్యుడు తోడి మనుష్యుని ఎంతవఱకు నమ్మెను, నమ్మనిచోట ఏమి చేసెను అను విషయమును గూడ అది తెలుపును. నడుమున వ్రేలాడు కత్తి అందఱికిని కనబడును. ధరించినవాని పదవిని చాటును. ఎదుటివానిని ముందుగనే హెచ్చరించును. జేబులోని పిస్తోలు ఉన్నదని దాని యజమానునికి దప్ప మఱెవ్వరికిని తెలియదు. ఈ గూఢత్వమే దాని చరిత్రమునకు మూలము. అది దుర్బలునకు ధైర్యమిచ్చెను. ఘాతకునకు చేయూత నిచ్చెను. దాచుకొన్నవానినే పలుమారులు గాయపఱచెను. ఈ మూడవ సంగతి నుండియే ఒర యొక్క కథ పుట్టినది. దానిని క్రమముగా విన్నవింతును.

గూఢాయుధము మన పూర్వులకు తెలియనిది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజు అంతఃపురమున నుండవలసిన జాగరూకతను వివరించుచు, జడలో ఆయుధమును దాచుకొని ఒక రాణి విదూరథుడను రాజును చంపిన వృత్తాంతమును ఉదాహరించెను. బాణభట్టుడును హర్షచరితమున ఆ కథను స్మరించెను. మనుస్మృతి ఏడవ అధ్యాయమున యుద్ధధర్మములను చెప్పుచు కూటాయుధములతో శత్రువును కొట్టరాదని శాసించినది. పైకి కఱ్ఱవలె కనబడుచు లోపల వాడి యినుమును దాచుకొన్నది కూటాయుధమని వ్యాఖ్యాతల వివరణము. 1659వ సంవత్సరమున ప్రతాపగడము క్రింద శివాజీ అఫ్జలుఖానును కలిసికొన్నపుడు అరచేతిలో ఇముడు వ్యాఘ్రనఖమును ధరించెనని మహారాష్ట్ర బఖరులు చెప్పుచున్నవి. కావున దాచిన ఆయుధమును గూర్చి రాజనీతి భయపడుచునే వచ్చినది, ధర్మశాస్త్రము నిందించుచునే వచ్చినది, అవసరము దానిని వాడుచునే వచ్చినది.

ఇక ఒర అను మాట. సంస్కృతమున దీనిని కోశమందురు. ధనాగారమును కోశమే, పూమొగ్గయు కోశమే, పట్టుపురుగు గూడును కోశమే. లోనిదానిని కాపాడునది కోశమని సామాన్యార్థము. అయితే కత్తి ఒరకు రెండు పనులు కలవు. వెలుపలి తేమ నుండి కత్తిని కాపాడుట యొకటి. కత్తి వాదర నుండి ధరించినవాని తొడను కాపాడుట రెండవది. జేబు పిస్తోలు చరిత్రమున ఈ రెండవ పనియే నానాటికి ప్రధానమైనది.

మొదట నిప్పుతుపాకులు దాచుటకు వీలైనవి కావు. వత్తి తుపాకిని కాల్చవలెనన్న మండుచున్న వత్తి సిద్ధముగా నుండవలెను. మండు వత్తిని అంగరకాలో దాచుకొనువాడెవడు? పదునాఱవ శతాబ్ది ఆరంభమున జర్మను, ఇటాలియను దేశములలో చక్రపు తుపాకి వెలసెను. ఇందు ఉక్కుచక్రమును కీలుతో బిగించి విడిచినచో అది గిఱ్ఱున తిరిగి రాతిని రాచుకొని నిప్పురవ్వలను రాల్చును. వత్తితో పనిలేదు. ముందుగా దట్టించి, చక్రమును బిగించి, దుస్తుల క్రింద దాచుకొని యెంత దూరమైనను పోవచ్చును. ఏలికలు ఈ యపాయమును వెంటనే గ్రహించిరి. 1517వ సంవత్సరమున మాక్సిమిలియను చక్రవర్తి తన దేశములలో ఈ తుపాకులను నిషేధించెను. ఇంగ్లాండున ఎనిమిదవ హెన్రీ రాజ్యకాలమున 1541 నాటి చట్టము చేతితుపాకి గజము పొడవునకు తక్కువ ఉండరాదని నిర్ణయించినది. ఆ చట్టములో ఆయుధముయొక్క బలమును గూర్చిన చింత లేదు. దాని పొట్టితనమును గూర్చిన చింత యున్నది. దాచలేనంత పొడవుండవలెనని దాని భావము.

ఈ భయము వ్యర్థము కాలేదు. 1584 జూలై 10వ తేదీన హాలెండు దేశనాయకుడగు ఆరెంజి ప్రభువు విలియమును డెల్ఫ్టు నగరమున ఆయన గృహములోనే బల్తసార్ జెరార్ అనువాడు పిస్తోలుతో కాల్చి చంపెను. రాజ్యాధినేతలలో చేతిపిస్తోలునకు బలియైన మొదటివాడితడని చరిత్రకారులు చెప్పుదురు.

తరువాత చెకుముకి తుపాకులు వచ్చెను. పదునెనిమిదవ శతాబ్దిలో లండను చుట్టుపట్ల బాటలలో దారిదోపిడిగాండ్రు పెచ్చుపెరిగిరి. బండిలో పయనించు వర్తకుడు, వైద్యుడు, పెద్దింటి యిల్లాలు కూడ చిన్న పిస్తోలును వెంట నుంచుకొనుట ఆచారమైనది. పొడుగుకోటు జేబులో ఇమిడినది జేబు పిస్తోలు; చలికి చేతులు దూర్చుకొను బొచ్చుసంచిలో స్త్రీలు దాచుకొన్నది మరింత చిన్నది. సరిగా ఈ కాలముననే ఒక చిక్కు బయలుదేరినది. జేబు గుడ్డతో కుట్టినది, మెత్తనిది. పిస్తోలుకు కొక్కెమువంటి సుత్తి యున్నది, క్రింద వ్రేలితో లాగు ట్రిగ్గరున్నది. గుడ్డలో ఇవి తగులుకొనును. తీయబోయినపుడు తట్టుకొని రాకపోవుట ఒక కష్టము. తీయకమునుపే ప్రేలుట అంతకంటె ఘోరమైన కష్టము.

ఆనాటి పనివాండ్రు దీనికి పిస్తోలులోనే ఉపాయమును వెదకిరి. ట్రిగ్గరును మడిచి లోపలికి ఇమిడించిరి. సుత్తిని వెనుకకు లాగి సిద్ధపఱచిన తరువాతగాని అది క్రిందికి దిగదు. సుత్తిని నడుమ భాగమున నమర్చిరి. కదలకుండ అడ్డుగడియలు పెట్టిరి. ఇన్ని జాగ్రత్తలు పిస్తోలులోనే యుండుటవలన ప్రత్యేకముగా ఒర అక్కఱలేకపోయినది. ఇంగ్లీషువారి హోల్‌స్టరు అను మాటకు ఆ కాలమున గుఱ్ఱపు జీనుకు ఇరుప్రక్కల వ్రేలాడు పెద్ద తోలు ఒరలనియే అర్థము. జేబునకు ఒర కావలెనను తలంపు ఇంకను పుట్టలేదు.

పందొమ్మిదవ శతాబ్దిలో అమెరికా ఈ కథకు రంగస్థలమైనది. ఫిలడెల్ఫియా నగరమున హెన్రీ డెరింజరు అను తుపాకుల పనివాడుండెను. 1786లో పుట్టి 1868లో మరణించెను. అతడు చేసిన పొట్టి పిస్తోలు అరచేతిలో పట్టును. ఒక్క గుండు మాత్రమే కాల్చును. దానికి ఎంత గిరాకి యయ్యెననగా ఇతరులు దానిని పోలిన వానిని చేసి, అతని పేరులో ఒక అక్షరమును అదనముగా చేర్చి అమ్మిరి. నేడు చిన్న పిస్తోలులకు అది జాతినామమైపోయినది. 1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి వాషింగ్టనులోని ఫోర్డు నాటకశాలలో జాన్ విల్క్స్ బూత్ అను నటుడు అబ్రహాము లింకనును కాల్చినది ఇట్టి డెరింజరుతోనే. ఆ మహాపురుషుడు మఱునాటి ఉదయమున కన్నుమూసెను. బానిసత్వమును రూపుమాపిన రాజ్యమునకు అధిపతియైనవానిని జేబులో పట్టు ఒక్క గుండు తుపాకి కూల్చినది. ఆ పిస్తోలును నేటికిని ఆ నాటకశాల ప్రదర్శనశాలలో చూడవచ్చును.

అంతకుమునుపే 1836లో సామ్యుయెల్ కోల్టు తిరుగు గుండ్లపెట్టెగల రివాల్వరునకు అమెరికాలో పేటెంటు పొందియుండెను. అతని 1849 నాటి జేబు రివాల్వరులు మూడులక్షలకు మించి తయారయ్యెను. 1857లో స్మిత్తు, వెస్సను అను భాగస్వాములు లోహపు తూటాలతో పనిచేయు చిన్న రివాల్వరును తెచ్చిరి. జనసామాన్యమునకు అవి చేరిన కొలది జేబు ప్రమాదములును సామాన్యములయ్యెను. 1887లో ఆ భాగస్వాముల కార్మికశాల నుండియే సుత్తి బయటికి కనబడని రివాల్వరు వెలువడెను. దాని పిడివెనుక ఒక మీట కలదు. పిడిని చేతితో గట్టిగా నొక్కి పట్టినగాని అది కాలదు. నిమ్మకాయను పిండినట్లు పిండవలెను గనుక జనులు దానికి నిమ్మపిండు యంత్రమని ముద్దుపేరు పెట్టిరి. గుడ్డకు తగులుకొను సుత్తి లేదు, పొరపాటున పేలు భయమును తగ్గినది.

ఈ చోట నొక విషాదము చెప్పవలసియున్నది. ఐవర్ జాన్సను అను సంస్థ తన రివాల్వరు క్రిందపడినను, సుత్తిమీద మఱొక సుత్తితో కొట్టినను ప్రేలదని ప్రకటనలు చేసి అమ్ముచుండెను. 1901 సెప్టెంబరు 6వ తేదీన బఫలో నగరమున జరిగిన ప్రదర్శనములో ప్రెసిడెంటు మెకిన్లీ ప్రజలకు కరచాలనము చేయుచుండగా లియోన్ చొల్గాష్ అనువాడు వరుసలో నిలిచి సమీపించెను. వాని చేతికి గాయపు కట్టువలె రుమాలు చుట్టియుండెను. ఆ రుమాలు లోపలనున్నది ఆ సంస్థవారి రివాల్వరే. ప్రెసిడెంటు ఎనిమిది దినములు బాధపడి సెప్టెంబరు 14న మరణించెను. యజమానునికి అపాయము లేని పిస్తోలు ఎదుటివానికి అపాయము లేనిది కాదుగదా! ఒరయైనను, రుమాలైనను, కప్పునది చేతిని బట్టి ధర్మమగును, అధర్మమగును.

ఇరువదవ శతాబ్ది జేబు పిస్తోలునకు బ్రహ్మ వంటివాడు జాన్ మోజెస్ బ్రౌనింగు. 1855లో అమెరికాలోని యూటా ప్రాంతమున ఆగ్డెను పట్టణమున జన్మించి, 1926లో బెల్జియమునందలి లియేజి నగరమున పనిలో నుండగనే మరణించెను. అతడు కల్పించిన స్వయంచాలక పిస్తోలు బల్లపరుపుగా నుండును. రివాల్వరునకు వలె నడుమ బొజ్జ యుండదు. కావున జేబులో ఉబ్బెత్తుగా కనబడదు. 1900 నమూనా, కోల్టు సంస్థవారి 1903 నమూనా, బెల్జియమువారి 1906 నమూనా వరుసగా వచ్చినవి. వీనిలో కడపటిది నాలుగున్నర అంగుళముల పొడవు, ఆఱు మిల్లీమీటర్లకు కొంచెము మించిన గొట్టము కలది. వెయిస్టుకోటు జేబులో గడియారమువలె ఇమిడెడిది. పిడిని నొక్కినగాని కాలని మీట దీనికిని కలదు. 1903 నమూనాకు సుత్తిలేని పిస్తోలని పేరు పెట్టిరి గాని అందు సుత్తి కలదు, లోపల దాగియున్నది. జేబునకు తగులుకొనకుండుటయే ఆ పేరునకు అర్థము.

ఈ చిన్న యంత్రములు పెద్ద రాజ్యములను కదలించినవి. 1909లో హార్బిను రైలు స్టేషనులో జపాను రాజనీతిజ్ఞుడు ఇటో హిరోబుమిని కొరియా దేశభక్తుడు ఆన్ జుంగ్ గున్ కాల్చినది బ్రౌనింగు 1900 నమూనాతో. 1914 జూన్ 28న సరయేవో నగరమున ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను గవ్రీలో ప్రిన్సిపు కాల్చినది 1910 నమూనాతో. ఆ తరువాత నెల తిరుగగానే మొదటి ప్రపంచ సంగ్రామము ప్రజ్వరిల్లెను. యుద్ధమునకు కారణములు అనేకములు. నిప్పురవ్వ మాత్రము ఒక జేబులోనుండి వచ్చినది.

మన దేశమున ఈ కథ వేఱొక రూపము దాల్చినది. 1878 నాటి ఆయుధ చట్టము భారతీయులు అనుమతిపత్రము లేక ఆయుధము ధరింపరాదని నిర్బంధించి, యూరోపియనులకు మినహాయింపు నిచ్చినది. ఈ పక్షపాతమును తొలగింపుమని కాంగ్రెసు మహాసభ పలుమారులు కోరెను. ఆయుధములు దొరకని దేశమున విప్లవకారులు వానిని కొల్లగొనిరి. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడ్డా కంపెనీకి వచ్చిన సరకులో ఏబది మాజరు పిస్తోలులు, నలుబదియాఱువేల తూటాలు మాయమయ్యెను. మాజరు పిస్తోలు ఒర కొయ్యతో చేసినది. దానిని పిడికి తగిలించినచో భుజమున ఆనించుకొను పొడుగు తుపాకి యగును. ఒర ఆయుధములో భాగమైన విచిత్రమిది. మన ఆంధ్రదేశమున 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను పట్టి తుపాకులు తీసికొనిపోయెను. అవి పోలీసువారి పొడుగు తుపాకులు. జేబునకు పట్టునవి కావు. ఆయన పద్ధతియు దాచుకొను పద్ధతి కాదు. వంగదేశమున వేఱుగా జరిగినది. 1931 డిసెంబరులో కొమిల్లా పట్టణమున శాంతి ఘోష్, సునీతి చౌధురి అను బడిపిల్లలిద్దఱు దుస్తుల మాటున పిస్తోలులను దాచుకొనిపోయి జిల్లా మేజిస్ట్రేటును కాల్చిరి. 1932 ఫిబ్రవరి 6న కలకత్తా విశ్వవిద్యాలయ పట్టదానోత్సవమున బీనా దాస్ గవర్నరు స్టాన్లీ జాక్సనుపై రివాల్వరు కాల్చెను, గుండ్లు తగులలేదు, ఆమెకు తొమ్మిదేండ్ల శిక్ష పడెను. అలహాబాదులో 1931 ఫిబ్రవరి 27న పోలీసులతో పోరాడి నేలకొరిగిన చంద్రశేఖర ఆజాదు చేతనున్నది కోల్టు జేబు పిస్తోలు. అది అలహాబాదు ప్రదర్శనశాలలో నున్నది.

నేటి కాలమునకు వత్తము. జేబు పిస్తోలు జనసామాన్యపు వస్తువైన దేశము అమెరికా. అక్కడను మొదట దానిని గర్హించిరి. 1813లోనే కెంటకీ, లూసియానా రాష్ట్రములు గూఢముగా ఆయుధము ధరించుటను నిషేధించినవి. న్యూయార్కు 1911లో చేసిన చట్టమున ప్రత్యేకానుమతి లేక చేతితుపాకిని దాచుకొనుట నేరమైనది. 1987లో ఫ్లారిడా, అర్హులడిగినచో అనుమతి నీయవలెనని చట్టము చేసినది, ఇతరములు అనుసరించినవి. 2022 జూన్‌లో సుప్రీముకోర్టు న్యూయార్కు పాత నిబంధనమును కొట్టివేసినది. సగమునకు మించిన రాష్ట్రములలో ఇప్పుడు అనుమతిపత్రమును అక్కఱలేదు. 2003లోను, 2008లోను వెలువడిన కొన్ని చిన్న పిస్తోలులు పది ఔన్సుల లోపు తూగును. సరయేవోలో కాలిన తూటాయే వీనిలోను కాలును.

ఇచ్చట నా ప్రసంగములోని ముఖ్యవిషయమునకు వచ్చితిని. పూర్వపు పిస్తోలులో ట్రిగ్గరు మడతపెట్టబడియుండెను. తరువాతి వానిలో పిడిమీట యుండెను. నేటి తేలిక పిస్తోలులలో పెక్కింటికి అట్టి అడ్డుగడియ లేదు. ట్రిగ్గరును కొంత దూరము బలముగా లాగవలసియుండుటయే రక్షణము. కావున పూర్వము పిస్తోలు చేసిన పనిని నేడు ఒర చేయవలసివచ్చినది. ఒర అలంకారము కాదు, సౌకర్యము మాత్రమును కాదు. అది యంత్రములో విడిచిపెట్టిన భాగము.

అందువలననే తెలిసినవారు జేబు ఒరకు ఈ లక్షణములు చెప్పుదురు. మొదటిది, ట్రిగ్గరును దాని చుట్టునున్న కమానును పూర్తిగా కప్పవలెను. కప్పినది వెలుపలి నుండి వ్రేలు నొక్కినను లొంగనంత గట్టిదై యుండవలెను. మెత్తని గుడ్డ సంచి కప్పినట్లే యుండును గాని కాపాడదు. రెండవది, పిస్తోలును జేబులో నిటారుగా, ఎల్లప్పుడును ఒకే తీరున నిలుపవలెను. మూడవది, పిస్తోలును తీసినపుడు ఒర జేబులోనే నిలువవలెను. అందుకొఱకు వెలుపలి భాగమును గరుకుగా చేయుదురు, లేదా జేబు అంచునకు తగులుకొను కొమ్మును పెట్టుదురు. నాలుగవది, ఆకారమును మఱుగుపఱచవలెను, నలుసును దుమ్మును లోనికి రానీయరాదు. ఆ యా నమూనాకు సరిపడ చేసినదే తగినది. ఒక ఒర అన్నింటికిని సరిపోవునని అమ్మినచో నమ్మరాదు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. ఇచ్చట ఒక ఒర రెండు పిస్తోలులకు ఒప్పదని చెప్పుకొనవలెను.

వాడుకకును నియమములు కలవు. ఆ జేబులో మఱి యే వస్తువును ఉండరాదు. తాళపుచెవి యొకటి ట్రిగ్గరులో దూరినచో చాలును. పిస్తోలును జేబులోనున్న ఒరలోనికి త్రోయరాదు. ఒరను వెలుపలికి తీసి, చూచుకొనుచు పిస్తోలును అందుంచి, పిమ్మట రెంటిని కలిపి జేబులో పెట్టవలెను. తోలు పాతబడి నోరు మడతపడినచో ఆ మడతయే ట్రిగ్గరును నొక్కును గనుక అట్టి దానిని పారవేయవలెను.

ఇవి చాదస్తములు కావు. 2008 నవంబరులో ప్లాక్సికో బరెస్ అను పేరుగాంచిన ఫుట్‌బాల్ ఆటగాడు న్యూయార్కు వినోదశాలలో ఒర లేక పంట్లాము నడుమున దోపుకొన్న పిస్తోలు జాఱి, తన తొడనే కాల్చుకొనెను. అనుమతి లేదు గనుక రెండేండ్ల కారాగారశిక్షయు పడినది. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రమున ఒక అంగడిలో తల్లి చేతిసంచిలోని పిస్తోలును రెండేండ్ల పసివాడు తీయగా అది ప్రేలి ఆ తల్లి మరణించెను. ఆ సంచి పిస్తోలు నుంచుకొనుటకే ప్రత్యేకముగా కుట్టినది. అందు అఱ కలదు, మూత కలదు. కాని సంచి ఆమె శరీరమునంటి యుండలేదు. ఆ పసివాడు పెద్దవాడైనపుడు అతనికి ఏమని చెప్పుదురో ఊహించుడు.

మన దేశమున ఆయుధధారణమును 1959 నాటి చట్టము నియమించుచున్నది. 2019 సవరణము ఒకరికి రెండు తుపాకులకు మించరాదన్నది. 2016 నాటి నియమములు బహిరంగ స్థలములలో చేతితుపాకిని ఒరలో గాని తగిన సంచిలో గాని ఉంచియే కొనిపోవలెననియు, దానిని త్రిప్పి బెదరింపరాదనియు శాసించినవి. ఇంట నున్నపుడు తాళమువేసి యుంచుట యజమానుని ధర్మము.

పాండవులు అజ్ఞాతవాసమునకు పోవునపుడు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచి, కాలము వచ్చువఱకు ముట్టలేదు. దాచుటలో వారికి ఆత్మనిగ్రహము ప్రధానమైనది. ఐదు శతాబ్దులుగా ఏలికలు చట్టములతోను, పనివాండ్రు మీటలతోను, తోలుపనివారు ఒరలతోను సాధింపజూచిన దదియే. ఆయుధము నెత్తవలసిన క్షణము కొందఱి జీవితములో ఎన్నడును రాదు. ఒరలో నుంచవలసిన క్షణము ప్రతిదినమును వచ్చును. కావున పిస్తోలును ధరించువాని వివేకమును అతని గుఱిని బట్టి గాక, అతని ఒరను బట్టి నిర్ణయింపవలెనని నా మనవి.